కరువు కూలి, గోథిక్ కమాను: మెదక్ చర్చి చరిత్రపై ఒక పరిశీలన

మెదక్ చర్చి గురించి మన ప్రాంతంలో రెండు మాటలు ప్రచారంలో ఉన్నాయి. మొదటిది భక్తుల మాట: కరువులో జనం మాడిపోతుంటే పోస్నెట్ దొర జాలిపడి అన్నం పెట్టాడు, ఆ జాలి నుంచే ఈ చర్చి లేచింది. రెండోది వైరిపక్షం మాట: తిండి ఎర చూపి దొరలు మతం మార్చారు, గంజికి అమ్ముడుపోయినవాళ్ల గుడి అది. మొదటి మాట చేతులు జోడించి చెబుతారు. రెండోది పెదవి విరిచి చెబుతారు. పైకి చూస్తే రెండూ బద్ధ విరోధులు. కాస్త లోతుకు పోతే రెండూ ఒకే పునాది మీద నిలబడ్డాయని తెలుస్తుంది. రెండింటిలోనూ పెట్టే చెయ్యి ఒకటుంది, పుచ్చుకునే చెయ్యి ఒకటుంది. రాయి మోసిన చెయ్యి మాత్రం రెండింటిలోనూ లేదు. రాళ్లు కొట్టి, మోసి, పేర్చి తిన్న తిండి దానం కాదు, ఎరా కాదు. అది కూలి. ఈ చిన్నమాటను చరిత్రలో దాని చోట దాన్ని నిలబెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను దమ్మాయిగూడలో ఉంటాను. ఒకప్పుడు కీసర దారిలో పొలాల మధ్య ఉన్న పల్లె ఇది. ఇప్పుడు ఏ వీధిలో చూసినా ఇసుక కుప్పలు, కట్టి ముగించని అంతస్తులు. ఆదివారం ప్రార్థనకు పోయే కుటుంబాల గురించి ఆ రెండో మాట ఈ వీధుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. విన్నవాళ్లలో తాపీ పట్టే చేతులవాళ్లే ఎక్కువ. అందుకని మెదక్ పోయినప్పుడు మా వీధిలో ఉండే ఒక పెద్ద మేస్త్రీని వెంట రమ్మని అడిగాను. పుస్తకం చదివిన కన్ను కట్టడాన్ని ఒక రకంగా చూస్తుంది, కట్టిన చెయ్యి మరొక రకంగా చూస్తుంది. రెండూ కలిస్తేనే చరిత్ర.

మెదక్ చర్చిని గోథిక్ కట్టడం అంటారు. ఆ మాటకు అర్థం ముందు తేల్చుకోవాలి. గోథిక్ అనేది మతం పేరు కాదు, దేశం పేరు కాదు. బరువు మోసే ఒక పద్ధతి పేరు. అర్ధ వలయంగా కట్టిన కమాను పైబరువును రెండు పక్కలకూ తోస్తుంది. ఆ తోపుడుకు గోడలు విచ్చిపోకుండా ఉండాలంటే గోడలు లావుగా ఉండాలి, కిటికీలు చిన్నవిగా ఉండాలి. పై భాగం కొన తేలిన కమాను బరువులో ఎక్కువ భాగాన్ని కిందికే దింపుతుంది. ఆ కమానుల మీద రాతి పక్కటెముకలు అల్లి కప్పు వేస్తే బరువంతా స్తంభాలకు చేరుతుంది. మిగిలిన తోపుడును బయట కట్టిన ఊతగోడలు ఆపుతాయి. అప్పుడు గోడకు పని తగ్గిపోతుంది. గోడ ఉండవలసిన చోట రంగుటద్దాలు పెట్టవచ్చు. గోథిక్ గుడిలోని ఎత్తు, వెలుగు రెండూ దేవుడి మహిమ అని భక్తులు అనుకుంటారు. అవి బరువుల లెక్క తెలిసిన పనివాళ్ల తెలివి.

ఈ పద్ధతి మొదట పూర్తి రూపంలో కనిపించింది ఒక మఠంలోనే. పారిస్ పక్కన ఉన్న సెయింట్ డెనిస్ మఠంలో 1140లో మొదలుపెట్టిన గర్భాలయ భాగాన్ని 1144 జూన్‌లో ప్రతిష్ఠించారు. మఠాధిపతి పేరు సూజర్. తాను కట్టించిన గుడి గురించి ఆయనే పుస్తకం రాసుకున్నాడు. తన పేరు గుడిలో పలుచోట్ల చెక్కించుకున్నాడు. రంగుటద్దంలో మరియమ్మ పాదాల దగ్గర తన బొమ్మ వేయించుకున్నాడు. అంత రాసినవాడు ఆ కమానులను లెక్క గట్టి నిలబెట్టిన మేస్త్రీ పేరు ఒక్కచోట కూడా రాయలేదు. గోథిక్ పుట్టుకలోనే ఈ మౌనం ఉంది.

మధ్యయుగపు మఠానికి నడిబొడ్డు క్లాయిస్టర్. మన మండువా లోగిలి తెలిసినవాళ్లకు దాన్ని ఊహించుకోవడం కష్టం కాదు. నడుమ ఆకాశం కనిపించే చదరపు వాకిలి, నాలుగు వైపులా కమానులతో కప్పిన వసారా. ఒక పక్క గుడి, మిగతా పక్కల పడకగది, భోజనశాల, సమావేశ గది. సన్యాసులు అక్కడ నడుస్తూ చదువుకునేవారు, అక్కడే కాళ్లూ చేతులూ కడుక్కునేవారు. చూసినవారందరూ దాని ప్రశాంతతను పొగిడారు. ఆ ప్రశాంతతకు తిండి ఎక్కడి నుంచి వచ్చింది? 12వ శతాబ్దంలో ఐరోపా అంతటా వ్యాపించిన సిస్టర్షియన్ మఠాల్లో రెండు రకాల మనుషులుండేవారు. వేదపారాయణం లాంటి పూజలు చేసే సన్యాసులు ఒక రకం. పొలం దున్ని, గొర్రెలు కాసి, మఠాన్ని పోషించే శ్రామిక సోదరులు రెండో రకం. వీళ్లకు పడక వేరు, భోజనం వేరు, గుడిలో కూర్చునే చోటు వేరు. వీళ్ల చేతికి పుస్తకం ఇవ్వకూడదని మఠం నియమాల్లోనే రాసుకున్నారు. క్లాయిస్టర్ వసారా సన్యాసులది, పొలం సోదరులది. మెదడుకూ చేతికీ మధ్య గీసిన గీత రాతిలో ఎలా ఉంటుందో చూడాలంటే ఆ వసారాను చూడాలి.

ఇది పరదేశపు సంగతి మాత్రమే అనుకోవడానికి లేదు. మన నేల మీద మఠాలు తక్కువేమీ కాదు. ఉప్పల్‌కు దగ్గరలోనే, మూసీ ఒడ్డున చైతన్యపురి గుట్ట మీద ఉన్న ప్రాకృత శాసనం గోవిందరాజ విహారం అనే బౌద్ధ మఠం పేరు చెబుతుంది. గుంటూరు ప్రాంతపు మల్కాపురం శాసనం ఇంకా వివరంగా మాట్లాడుతుంది. 1261లో రుద్రమదేవి కృష్ణ ఒడ్డున ఉన్న మందడం, వెలగపూడి గ్రామాలను శైవగురువు విశ్వేశ్వర శివాచార్యుడికి ఇచ్చింది. ఆయన అక్కడ గుడి, మఠం, విద్యాశాల, సత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడిపే ఏర్పాటు చేశాడు. ఊళ్ల ఆదాయాన్ని మూడు భాగాలు చేసి ఏది దేనికో శాసనంలో కట్టుదిట్టంగా రాయించాడు. గొప్ప ఏర్పాటే. పదమూడో శతాబ్దంలో ప్రసూతిశాల గురించి ఆలోచించడం చిన్న విషయం కాదు. కాని ఆ ఆదాయం అంటే ఏమిటి? ఆ రెండు ఊళ్ల రైతులు, పాలేర్లు పండించిన పంటలో రాజు తీసుకునే భాగమే కదా! శాసనంలో ఇచ్చిన రాణి ఉంది, పుచ్చుకున్న గురువు ఉన్నాడు, సత్రంలో తిన్నవాళ్లు ఉన్నారు. పండించిన మనిషి దానానికి కర్త కాలేకపోయాడు. దానం అనే మాట శ్రమను ఎలా మింగుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

ఇక మెదక్‌కు వద్దాం. ఇక్కడ గోథిక్ ఉంది గాని క్లాయిస్టర్ లేదు. కారణం చరిత్రలో ఉంది. ఇంగ్లండులో ఎనిమిదవ హెన్రీ 1536–40 మధ్య మఠాలను రద్దుచేసి వాటి భూములు స్వాధీనం చేసుకున్నాడు. క్లాయిస్టర్లు కూలాయి, లేదా కొత్త భూస్వాముల ఇళ్లలో కలిసిపోయాయి. మూడు వందల ఏళ్ల తర్వాత పారిశ్రామిక విప్లవంతో డబ్బు చేసుకున్న ఇంగ్లండు మళ్లీ గోథిక్ మోజులో పడింది. పార్లమెంటు భవనం, రైల్వే స్టేషన్లు, చర్చీలు అన్నీ ఆ పోకడలోనే కట్టింది. ఆ మోజు సామ్రాజ్యంతోపాటు ఓడెక్కి వచ్చింది. మెదక్ చర్చి నమూనా గీసిన బ్రాడ్‌షా, గాస్ అండ్ హోప్ సంస్థ బోల్టన్ పట్టణానిది. బోల్టన్ అంటే నూలు మిల్లుల పట్టణం. ఆ సంస్థ చర్చీలతోపాటు నూలు మిల్లులకు కూడా నమూనాలు గీసింది. లాంకషైర్ మిల్లు గుడ్డ మన నేతగాళ్ల మగ్గాలను ఏం చేసిందో తెలుగు పాఠకులకు చెప్పనక్కర్లేదు. మిల్లు గీసిన చేతులే గుడినీ గీశాయి. ఇందులో కుట్ర ఏమీ లేదు. ఒక వర్గం ఎదిగినప్పుడు దాని లాభమూ దాని భక్తీ ఒకే బల్ల మీద గీయబడతాయి.

చార్లెస్ వాకర్ పోస్నెట్ వెస్లియన్ మెథడిస్టు పాదిరీ. 1895లో సికింద్రాబాద్ వచ్చి, మొదట తిరుమలగిరిలో బ్రిటిష్ సైనికుల మధ్య పనిచేసి, తర్వాత మెదక్ చేరాడు. చర్చి పని 1914లో మొదలై పదేళ్లు నడిచింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. 2024 క్రిస్మస్‌కు నూరేళ్లు నిండాయి. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంటల గోపురం ఎత్తు 175 అడుగులు. సుమారు 5,000 మంది పడతారు. గోడలు, స్తంభాలు చెక్కిన గ్రానైటు. నేలమీద పరిచిన రంగు పలకలు బ్రిటన్ నుంచి తెచ్చినవి. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం చిత్రించిన మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు చర్చి కట్టిన తర్వాత ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. గైడ్లు, కరపత్రాలు చెప్పే వివరం ఇంతే. అందులో పాదిరీకి పేరుంది, సంస్థకు పేరుంది, అద్దాల చిత్రకారుడికి పేరుంది. కట్టినవాళ్లకు మాత్రం ఉమ్మడిగా ఒక్కటే పేరు: కరువు బాధితులు.

మా మేస్త్రీ ఈ వివరాలేవీ వినలేదు. స్తంభానికి అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. "ఉలి గీతలు చూసిన్రా సార్? అన్నీ ఒక్క లెక్కున్నయి. ఇది నేర్చినోడి పని. ఆ ఒక్కనికి రాయి అందియ్యనీకె పది మంది ఉండాలె" అన్నాడు. తర్వాత కమాను వైపు చూపించాడు. "ఇసొంటిది గాలిల కట్టరాదు. ముందు కింద కట్టెతోని సెంట్రింగు కొట్టాలె. రెండు దిక్కుల నుంచి రాళ్లు పేర్చుకుంట పోయి నడిమి రాయి బిగించేదాంక ఆ కట్టెనే మొత్తం బరువు మోస్తది. బిగించినంక కట్టె పీకేస్తరు. దాన్ని ఎవ్వరు అడగరు." కొన తేలిన కమాను దొరలు నేర్పిన విద్యేనా అని అడిగాను. "చార్మినార్ చూడలేదా సార్?" అని నవ్వాడు. నిజమే. 1591 నాటి చార్మినార్ కమానులకు కొన ఉంది. కుతుబ్ షాహీ సమాధులకు ఉంది. ఐరోపా గోథిక్ పుట్టకముందే ఇస్లాం దేశాల కట్టడాల్లో ఆ కమాను ఉంది. నమూనా బోల్టన్ నుంచి వచ్చింది గాని, దాన్ని నిలబెట్టే నేర్పు దక్కను చేతులకు కొత్తది కాదు.

ఇప్పుడు ఆ పదేళ్లు ఎలాంటివో చూడాలి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, దాని వెంట ధరలు పెరిగాయి. 1918లో వానలు దేశమంతా ఘోరంగా ఎగ్గొట్టాయి. అదే ఏడు ఇన్‌ఫ్లూయెంజా వచ్చి దేశంలో కోటిమందికి పైగా పొట్టన పెట్టుకుంది. 1920లో మళ్లీ వానలు మొహం చాటేశాయి. మెట్టభూముల మెదక్‌లో భూమి లేని మాల మాదిగ కుటుంబాలకు ఇవి ఎలాంటి సంవత్సరాలో ఊహించుకోవచ్చు. పనికి ఆహారం అనే పద్ధతిన జనం చర్చి పనిలోకి వచ్చారన్నది అందరూ ఒప్పుకునే సంగతి. ఒప్పుకోవడంలోనే తిరకాసుంది. "పనికి ఆహారం" అన్నప్పుడు భక్తులు "ఆహారం" మీద నొక్కి పలుకుతారు, విరోధులూ దాన్నే నొక్కి పలుకుతారు. "పని" మీద ఎవరూ నొక్కరు.

కరువులో జనం చేత పని చేయించి తిండి గింజలు కొలవడం పోస్నెట్ కనిపెట్టింది కాదు. లక్నోలో నవాబు ఆసఫుద్దౌలా 1784 కరువులో బడా ఇమాంబాడా కట్టించాడు. 1876–78 మహాకరువులో మద్రాసు రాజధాని అంతటా కంపెనీ వారసులు ఇదే పద్ధతి నడిపారు. అప్పుడే 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి సర్కారు ఖర్చు ఎక్కువవుతోందని కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికి, కొద్ది చిల్లరకు కోశాడు. అంటే సుమారు 450 గ్రాములు. ఎండలో మట్టి తవ్వే మనిషికి! అది మనిషి బతకడానికే చాలదని మద్రాసు ప్రభుత్వ వైద్యాధికారి కార్నిష్ మొత్తుకున్నాడు. ఆ కూలితో తవ్వినదే బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగం. కాలువకు గవర్నరు పేరు పెట్టారు. ఆ తవ్వకాన్ని ఎవరూ గవర్నరు దానం అనలేదు, తవ్విన జనాన్ని గింజలకు అమ్ముడుపోయారనీ అనలేదు. అక్కడ కూలి కూలిగానే ఉంది. చర్చి దగ్గరికి వచ్చేసరికి అదే కూలి ఒకరి నోట దానం, మరొకరి నోట లంచం ఎందుకయింది? పనిచేసినవాడు మతం మారాడు గనుక. మాల మాదిగలు సొంతంగా ఆలోచించి ఒక నిర్ణయం తీసుకోగలరని ఒప్పుకోవడం ఈ సమాజానికి అంత కష్టం.

ఆ నిర్ణయానికి కరువే కారణమా? దీనికి ఒంగోలు చరిత్ర జవాబు చెబుతుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరిన 1866లోనే తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ క్రైస్తవం స్వీకరించాడు. తోళ్ల వ్యాపారం చేస్తూ ఊరూరా తిరిగే మనిషి. తన కులం జనానికి ఆ మాట ముందుగా చేరవేసినవాడు ఆయనే. మహాకరువు ఇంకా పదేళ్ల దూరంలో ఉంది. కరువు వచ్చాక క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని జనానికి పని చూపించాడు. కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మం ఇవ్వడం ఆపేశాడు, తిండికోసం వచ్చారనే మాట రాకూడదని. సాయం పనులు ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గంజి నిలిచిపోయాక వచ్చినవాళ్లను గంజి కోసం వచ్చారని అనడానికి ఎంత ధైర్యం కావాలి!

అయితే కూలి అన్నంత మాత్రాన న్యాయమైన కూలి అని అర్థం కాదు. ఆకలి ఉన్నచోట బేరం ఉండదు. పొట్ట నిండితే చాలు అనే స్థితిలో ఉన్న మనిషి చేత పని చేయించుకున్న ప్రతివాడికీ, వాడు పాదిరీ కానీ, నవాబు కానీ, సర్కారు కానీ, శ్రమ చవకగా దొరికింది. నూరేళ్లుగా నిలిచిన ఆ గోపురం విలువకూ, అది కట్టినవాళ్లు తిన్న గింజల విలువకూ మధ్య ఉన్న తేడాయే అసలు విరాళం. ఆ విరాళం ఇచ్చినవాళ్లు కూలీలే. మిషన్ సామ్రాజ్యం నీడలో నడిచిందన్నదీ కాదనలేం. పోస్నెట్ మొదటి శ్రోతలు బ్రిటిష్ సైనికులు. ఆ నీడ లేకుండా ఆ డబ్బూ, ఆ నమూనాలూ మెదక్ చేరేవి కావు.

కాని ఈ సంగతి ఇంతటితో ఆపితే అది అర్ధసత్యమే. అదే కాలంలో, అదే తెలంగాణ పల్లెల్లో దొరల గడీలకు రాళ్లెత్తినవాళ్లెవరు? ఈ కులాలవాళ్లే. అక్కడ వాళ్లకు దక్కింది వెట్టి. తిండి గింజలు కొలిచే పద్ధతి కూడా అక్కడ లేదు. కట్టిన గడీలో చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడాలి. చెక్కిన గుడిలోకి అడుగుపెట్టరాదు. మెదక్‌లో తొలిసారి, తాము రాయి మోసి కట్టిన అంత పెద్ద కట్టడంలోకి మోసినవాళ్లే నేరుగా నడిచిపోయి, నడుమ కూర్చున్నారు. సిస్టర్షియన్ మఠం తన శ్రామిక సోదరుల చేతికి పుస్తకం ఇవ్వలేదు. ఇక్కడ మిషన్ బడులు మాల మాదిగల పిల్లల చేతికి పలక ఇచ్చాయి. క్లాయిస్టర్ లేని గోథిక్ కావడం ఈ చర్చికి లోటు కాదు. చేతికీ మెదడుకూ మధ్య గీత గీసే ఆ వసారా ఇక్కడ లేకపోవడమే దాని విశేషం. దోపిడీ, విముక్తి ఒకే కమాను కింద కలిసి ఉన్నాయి. ఈ వైరుధ్యాన్ని ఉన్నదున్నట్టు చెప్పడం ప్రగతిశీల చరిత్రకారుడి పని. సామ్రాజ్యవాద కట్టడం అని ఒక్క మాటతో కొట్టేస్తే, ఆ రోజు లోపలికి నడిచిన మనుషుల్ని మనం కూడా బయటికి నెట్టినట్టే.

ఇదంతా పాత కథ అని తోసెయ్యడానికి లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని వర్తింపజేశారు. క్రైస్తవులైన దళితులకు మాత్రం తలుపు తీయలేదు. మన రాష్ట్రాల్లో వాళ్లను వెనుకబడిన తరగతుల్లో 'సి' గ్రూపుగా చేర్చి 1 శాతం కేటాయించారు. మతం మారితే కులం పోయిందని చట్టం అంటుంది. ఊళ్లో చావిడి మాత్రం అలా అనలేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మత నిబంధన తొలగించాలని 2007లో సిఫారసు చేసింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. గంజికి మారారన్న ఎగతాళికీ, మారారు గనుక హక్కు లేదన్న ఉత్తర్వుకూ దగ్గర చుట్టరికం ఉంది. రెండూ ఆ జనాన్ని ఏదో పుచ్చుకున్నవాళ్లుగానే చూస్తాయి.

కనుక మెదక్ చర్చి చరిత్ర మళ్లీ రాయవలసి ఉంది. పోస్నెట్ పేరు కొట్టెయ్యనక్కర్లేదు, బోల్టన్ పేరు దాచనక్కర్లేదు. వాటి పక్కన మరొక వాక్యం చేర్చాలి: ఈ కట్టడాన్ని 1914 నుంచి 1924 వరకు మెదక్ ప్రాంతపు కూలీలు కట్టారు, వాళ్లు తిన్నది తమ రెక్కల కష్టం. ఆ వాక్యం చరిత్ర పుస్తకంలో చేరిననాడు భక్తుడు చేతులు జోడించవలసింది ఎవరికో మారుతుంది. పెదవి విరిచేవాడికి విరవడానికి ఏమీ మిగలదు.